ఎర్రదారం కట్టని కండెన్సర్

పాత రేడియోలను బాగుచేసి అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకనే. కన్నతల్లి ఫోను చేస్తే అర నిమిషంలో పెట్టేసేవాళ్లు, ఎవరింట్లోదో అరవయ్యేళ్ల కిందటి పెట్టె గరగరమంటుంటే కళ్లు మూసుకుని తన్మయులైపోతారు. అట్లాంటి ఒకడు మొన్న మా ఇంటికి వచ్చాడు. పేరు సందీప్. హైదరాబాదులో మా మనుమరాలు పనిచేసే కంప్యూటర్ల ఆఫీసులోనే అతనూ పనిచేస్తాడు. కరీంనగర్‌లో వాల్వు రేడియోల పని ఎరిగినవాళ్లలో మీరొక్కరే మిగిలారట తాతా, అని ఎంతో గౌరవంగా అన్నాడు. మిగిలిన మాట నిజమే. తక్కినవాళ్లు చచ్చిపోయారు. అందులో నా ప్రతిభ ఏమీ లేదు. కారులోంచి ఒక చెక్కపెట్టెను పసిపిల్లను దించినట్టు దించి, మా బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద పెట్టి, చేతులకు తొడుగులు వేసుకున్నాడు. ఆ తొడుగులు చూసి నాకు నవ్వొచ్చింది. మా బాపు వేళ్లకు టంకం కాల్చిన మచ్చలు లేని రోజు నేను చూడలేదు.

పెట్టె వెనక పలక విప్పి, లోపలి కండెన్సర్లను చూపించాడు. వాటిని ఇప్పుడు క్యాపాసిటర్లంటారట. మా కాలంలో కండెన్సర్లనే అన్నాం, కండెన్సర్లనే చెడగొట్టుకున్నాం. చూడని వాళ్లకు చెప్పాలంటే అది వేలెడంత అట్టగొట్టం. లోపల పలుచని కాగితం, తగరపు రేకు కలిపి చాప చుట్టినట్టు చుట్టి, మైనంలో ముంచి, రెండు కొసలా తీగలు తీస్తారు. పాటను పోనిచ్చి, కరెంటును ఆపడం దాని పని. ఏళ్లు గడిచి కాగితానికి చెమ్మ పట్టిందంటే కరెంటు కూడా మెల్లగా కారడం మొదలవుతుంది. అందుకని పాత రేడియోను ముట్టగానే మొదట వాటిని మార్చాలి. ఆ సంగతి సందీప్‌కూ తెలుసు. కానీ అతను మార్చే పద్ధతి వేరు. పాత గొట్టంలోని కాగితం, మైనం గోకి తీసేసి, చిటికెన వేలి గోరంత కొత్తదాన్ని లోపల దాచి, పైన మళ్లీ మైనం పోస్తాడట. చూసేవాళ్లకు అంతా పాతదే అనిపించాలట. ఈ పనికి అతని మిత్రబృందంలో పెద్ద పేరుందట. మేము అదే పని చేసి ఉంటే దొంగలనేవాళ్లు, వీళ్లు చేస్తే అభిరుచి అంటున్నారు.

అసలు మాట అప్పుడు చెప్పాడు. ఈ పెట్టెలో ఉన్నవి కార్ఖానా నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయట, ఇన్నేళ్లలో ఎవరి చెయ్యీ పడలేదట, అట్లాంటివి దొరకడం గగనమట. గోకి తీసేముందు, ఇవి అసలువేనని నాలాంటి పాతకాలం మెకానిక్ ఒక కాగితం మీద రాసి సంతకం పెడితే బాగుంటుందని వచ్చాడట. కాగితం కూడా సిద్ధంగా తెచ్చాడు. సరే చూద్దామని కళ్లజోడు పెట్టుకుని, అలవాటు కొద్దీ ముందుగా వెనక పలక తిప్పి చూశాను. తెల్లరంగుతో పదిహేడు అంకె రాసి ఉంది. ఏడు తోక కుడికి తిరిగి కొంచెం పైకి లేచింది. నా ఏడు ఇప్పటికీ అట్లాగే తిరుగుతుంది. ఆ తర్వాత సందీప్ ఏం చెప్పాడో నేను వినలేదు.

మా బాపు పుట్టుకతో రేడియోల మనిషి కాదు, అవుసల పని మనిషి. ముక్కుపుడకలు, చెవుల కమ్మలు చేసిన చేతులు. నిజాం రాజ్యం పోయిన కొత్తల్లో పట్నంలో ఒక దొరగారి రేడియోలో ఊడిన తీగకు టంకం పెట్టమని పిలిస్తే పోయి, ఆ పెట్టె కడుపు చూసి మనసు పారేసుకుని వచ్చాడట. ఏడాది తిరిగేసరికి మా ముందరి అరుగు మీద బంగారం ముక్క లేదు, అంతా వాల్వులూ తీగలే. మా అమ్మను అవ్వ అనేవాళ్లం, ఆమె దానికి ఎన్నడూ బాపును మన్నించలేదు. తెల్లవారి ఆమె కుంపటి రాజేస్తే మొదటి నిప్పులు బాపు ఎత్తుకుపోయేవాడు, టంకం కడ్డీ కాల్చుకోవడానికి. మిగిలిన నిప్పుల మీద అవ్వ చాయ పెట్టేది, గొణుక్కుంటూ. చాయ వాసన, టంకం పొగ, పెసరపప్పు పొంగిన వాసన అన్నీ కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. అప్పుడు నాకు సిగ్గేసేది. ఇప్పుడు ఆ వాసన ఎక్కడా దొరకదు, దొరికినా నేను మెచ్చుకుంటానని చెప్పలేను.

వానకాలం వచ్చిందంటే కరీంనగర్ రేడియోలన్నీ ఒక్కసారే బొంగురుపోయేవి. కొత్త కండెన్సర్లు సికింద్రాబాదు నుంచి రావాలి, వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. అందుకని బాపు ఒక ఉపాయం పట్టాడు. అవ్వ ఇత్తడి గంజు ఒకటి లాక్కుని, అందులో తేనెమైనం కరగబెట్టి, చెమ్మ పట్టిన కండెన్సర్లను పప్పులో ములక్కాడలు వేసినట్టు వేసి ఉడికించేవాడు. చెమ్మ బుడగలు బుడగలుగా బయటికి వచ్చేది. బుడగలు ఆగిందాక ఉడికించి, బయటికి తీసి, మైనం వెచ్చగా ఉన్నప్పుడే రెండు కొసలూ బొటనవేలితో నొక్కి మూసేవాడు. అట్లా ఉడికించింది మళ్లీ ఆర్నెల్లపాటో, ఎండకాలం దాకానో నడిచేది. అవ్వ మాత్రం గంజు పాడయిందని ప్రతి వానకాలం ఒక్కసారైనా ఏడ్చేది. బాపు ఇంకొక గంజు తెస్తానని ప్రతి వానకాలం చెప్పేవాడు, చచ్చిపోయేదాకా తేలేదు.

ఉడికించిన కండెన్సర్‌కు బాపు ఒక ఎర్రదారం కట్టేవాడు. అవ్వ బొంతలు కుట్టే దారం అది. కొత్తది వేస్తే దారం ఉండదు, వండింది వేస్తే దారం ఉంటుంది. రేడియో తీసుకుపోయేవాళ్లకు వెనక పలక విప్పి మరీ చూపించి, ఇది వండిన సరుకు, వానలకు మళ్లీ తీసుకురండి అని చెప్పేవాడు. కొందరు మొహం చిట్లించి, పక్క బజారు మేస్త్రీ దగ్గరికి పోయేవాళ్లు. ఆ మేస్త్రీ కూడా వండేవాడే, దారం మాత్రం కట్టేవాడు కాదు. అందుకే వాడికి మేడ లేచింది, మాకు అరుగే మిగిలింది. ఎందుకు బాపూ ఈ దారం, ఊరికే గిరాకీ పోగొట్టుకునుడు కాకపోతే, అని ఒకసారి అడిగాను. తల ఎత్తకుండానే, "రేపు ఇంకొకడు ఇప్పుతడు గద బిడ్డా. వానికి ఎరుక గావాలె, లేకుంటే తప్పు ఏడున్నదని దేవులాడుతడు" అన్నాడు. ముసలివాళ్ల ఛాదస్తం అనుకున్నాను. అప్పటికి నాకు మీసాలు వచ్చాయి, తండ్రి మీద చిన్నచూపు కూడా వాటితోనే వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ తర్వాత సర్కారు పల్లెలకు రేడియోలు పంచడం మొదలుపెట్టింది. వాటిని చూసుకోవడానికి మెకానిక్కులు కావాలన్నారు. నేను హైదరాబాదులో ఆర్నెల్లు శిక్షణ పొంది, ఒక సర్టిఫికెట్, ఒక నల్ల కళ్లజోడు సంపాదించి, ఆదిలాబాదు అడవి పక్కన ఒక ఆఫీసులో కొలువులో చేరాను. ఊరి పేరు చెప్పను, ఉట్నూరు మీదుగా పోవాలి, అంతే. బయలుదేరేటప్పుడు అవ్వ నా సంచిలో ఎర్రదారం రీలు ఒకటి పెట్టింది. నేను నవ్వాను. సర్కారు మెకానిక్‌ను, నాకు ట్రంకు పెట్టె నిండా కొత్త సామాను ఇస్తారు, వండుకునే ఖర్మ నాకెందుకు అన్నాను. అవ్వ రీలు మాత్రం తియ్యలేదు.

ఆ రేడియోల సంగతి ఇప్పుడు తలుచుకున్నా నవ్వు రాదు, కోపం వస్తుంది. అడవి గూడేల్లో కరెంటు లేదు గనుక ఇటుకంత బ్యాటరీలతో నడిచే పెట్టెలు ఇచ్చారు. రోజూ దీపాలు పెట్టే వేళ ఒక్క గంట నడపాలి. ఆ గంటసేపూ వరి మడిలో ఎరువు ఎట్లా చల్లాలో పుస్తకాల తెలుగులో చెప్పేవాళ్లు. వినేవాళ్లు జొన్నలు పండించేవాళ్లు, ఇంట్లో గోండి, అంగట్లో మరాఠీ మాట్లాడేవాళ్లు. మడి ఎరుగరు, ఆ తెలుగూ ఎరుగరు. అయినా ఊరంతా వచ్చి కూర్చునేది. ఈ తమాషాను ప్రగతి అని మేము నెలనెలా నివేదికలు రాసేవాళ్లం. రాసిన వాళ్లలో అందరికంటే అందమైన చేతిరాత నాది.

పదిహేడో నంబరు పెట్టె ఇచ్చింది పిట్టగూడ అనే గూడేనికి. రెండు వాగులు దాటి పోవాలి. అక్కడ పెట్టెకు కావలి విఠల్ అనే రైతు. నాకంటే పదేళ్లు పెద్ద. మరాఠీ బడిలో నాలుగో తరగతి చదివాడు, గూడెంలో అంత చదివినవాడు అతనొక్కడే. సాయంత్రం పొలం నుంచి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కుని, ఉతికిన రుమాలు తలకు చుట్టుకుని, అప్పుడు చావడిలోకి వచ్చి పెట్టె తాళం తీసేవాడు. గంట అయిపోగానే తాళం వేసి, ఆ రోజుకు గుర్తుగా చావడి గోడ మీద బొగ్గుతో ఒక నిలువు గీత గీసేవాడు. ఒక్క రోజూ తప్పలేదు. గీతలు వరిపైరు నాటినట్టు వరుసలుగా ఉండేవి. నల్ల కళ్లజోడులోంచి వాటిని చూసి నేను నవ్వేవాణ్ని.

ఒకసారి పోయినప్పుడు విఠల్ పెట్టె జబ్బు చెప్పాడు. "మొదలు మంచిగనే మాట్లాడ్తది సాబ్. పావుగంట కాంగనే ఆవాజ్ బసుతది" అన్నాడు. గొంతు బొంగురుపోతుందని చెప్పడం. సర్టిఫికెట్ ఉన్న ఏ మెకానిక్ కూడా అంతకంటే తేటగా చెప్పలేడు. చివరి వాల్వుకు ముందున్న కండెన్సర్‌కు చెమ్మ పట్టింది. అది కారితే గొంతు బొంగురుపోతుంది, దాంతోపాటు ఆ వాల్వు బ్యాటరీని రెండింతలు మూడింతలు తాగేస్తుంది. మార్చాల్సింది ఒక్క కండెన్సర్. నా ట్రంకు పెట్టెలో అది లేదు. ఎందుకు లేదంటే, ఆ ముందటి వారమే మా పెద్దసారు తన ఇంట్లో రేడియో గుర్రుమంటుందని పిలిస్తే, ఆఫీసు కండెన్సర్లన్నీ దానికి వేసి వచ్చాను. పెద్దసారు భార్య పింగాణీ కప్పులో చాయ ఇచ్చింది, పెద్దసారు నా భుజం తట్టాడు. ఆ కప్పు, ఆ చెయ్యి నాకు చాలా గొప్పగా అనిపించాయి. కాగితంలో మాత్రం ఆ కండెన్సర్లు పల్లెల పెట్టెలకు వేసినట్టు రాయాలి గదా.

అడవిలో తేనెమైనానికి కొదవలేదు. విఠల్ ఇంట్లో ఒక మూకుడు అడిగి, పిడకల మంట మీద మైనం కరగబెట్టి, బాపు పద్ధతిలోనే ఆ కండెన్సర్‌ను ఉడికించాను. బుడగలు ఆగిందాక కూడా ఆగలేదు, చీకటి పడితే వాగు దాటడం కష్టమని తొందరపడ్డాను. కొస మూసేటప్పుడు మైనం కాలుతుంటే ఒక్కసారి బొటనవేలు గట్టిగా అదిమి తీశాను. విఠల్ పక్కన కూర్చుని, ఇంత పెద్ద చదువు చదివి ఇట్లా వంట చేస్తావా సాబ్ అని ముచ్చటపడ్డాడు. ఎర్రదారం రీలు సంచిలోనే ఉంది. తియ్యలేదు. పుస్తకంలో, పదిహేడో నంబరు పెట్టెకు కొత్త కండెన్సర్ వేసినాను, పెట్టె బాగున్నది, అని నా అందమైన చేతిరాతతో రాసి వచ్చాను.

నాలుగు నెలలు రావాల్సిన బ్యాటరీ అయిదు వారాల్లో అయిపోయింది. ఇంకొకటి ఇచ్చారు, అదీ అంతే. పెద్దసారుకు కోపం వచ్చింది. కావలివాడు పొద్దస్తమానం సినిమా పాటలు పెట్టుకుని పెళ్లిళ్లు చేస్తున్నాడని తేల్చేశాడు. విచారణకు జీపులో పోయాం. గూడెం అంతా చావడి ముందు చేరింది. విఠల్ ఉతికిన రుమాలు కట్టుకుని వచ్చి, గోడ మీది గీతలు ఒక్కొక్క వరుసా వేలితో చూపించాడు. రోజుకు ఒకటే గీత, ఒకటే గంట. పెద్దసారు ఆ గోడను చూసి, గీతలు గీసుడు ఎవనికి రాదు అని నవ్వాడు. జీపు డ్రైవరు నవ్వాడు, గుమాస్తా నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా మొదలై, అందరికంటే గట్టిగా వినిపించింది.

అప్పుడు విఠల్ పెద్దసారును వదిలి నా వైపు తిరిగాడు. "చారి సాబ్, నువ్వు పెట్టె కడుపు జూసినోనివి. అండ్ల ఏమన్న ఖరాబున్నదా, నేనే తప్పు జేసిన్నా? నువ్వెట్ల జెప్తె అట్ల ఒప్పుకుంట" అన్నాడు.

ఒక్క మాట చాలు. కండెన్సర్ కారుతున్నది, నేను మార్చలేదు, అంటే చాలు. కానీ ఆ మాట వెనక ఇంకొక మాట రావాలి, ఆఫీసు కండెన్సర్లు ఎవరింట్లో ఉన్నాయో. పెద్దసారు నా మొహం వంక చూడలేదు, తన చెప్పుకు అంటిన బురద చూసుకుంటున్నాడు. ఆయనకు అంత ధీమా. నా గురించి ఆయన వేసిన అంచనా ఎంత సరైందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"పెట్టె మంచిగనే ఉన్నది" అన్నాను.

విఠల్ మొహంలో కోపం లేదు, అనుమానం కూడా లేదు. లెక్క తప్పిందని పంతులు చెబితే పిల్లవాడు పలక వంక చూసుకున్నట్టు గోడ వంక చూసుకున్నాడు. అట్లయితే తప్పు నాదే కావచ్చు అన్నాడు. గుమాస్తా తెలుగులో రాసిన పంచనామా ముందుకు తోశాడు, విఠల్‌కు చదవరాని తెలుగు అది. సిరా పట్టీ నా చేతికిచ్చారు, పట్టుకొమ్మని. నేను పట్టుకున్నాను.

"నాకు సంతకం వస్తది సాబ్" అన్నాడు విఠల్.

"ఏలు సాలు" అన్నాడు పెద్దసారు.

అతని వేలిని సిరాలో అద్దించింది నేనే. కొడవలి పట్టిన వేలు, గరుకుగా ఉంది. ముద్ర సరిగ్గా పడలేదని గుమాస్తా ఇంకోసారి వేయించాడు.

పెట్టెను జీపులో ఎక్కించుకుని వచ్చి, రోడ్డు పక్కన ఒక పెద్ద ఊరి పటేలు ఇంట్లో పెట్టాం. అక్కడ కూడా బ్యాటరీ నెలకే అయిపోయింది. పటేలుకు ఎమ్మెల్యే దగ్గర పలుకుబడి ఉంది గనుక, ఈసారి వచ్చిన బ్యాటరీలే నాసిరకంవని ఆఫీసు రాసింది. ఎవరి వేలికీ సిరా అంటలేదు. నేను ఒక రోజు పటేలు ఊరికి పోయి ఆ కండెన్సర్ మార్చి ఉండొచ్చు. అప్పటికి నా ట్రంకు పెట్టె నిండా కొత్తవి ఉన్నాయి. కానీ మార్చితే బ్యాటరీ నాలుగు నెలలు వస్తుంది, వస్తే ఇదివరకు ఎందుకు రాలేదని ఎవరైనా అడుగుతారు. అందుకని దాన్ని అట్లాగే వదిలేశాను. ఎప్పుడు పోయినా కొత్త బ్యాటరీ పెట్టి, పలక మూసి వచ్చేవాణ్ని.

ఏడాది తర్వాత వారం అంగట్లో విఠల్ ఎదురుపడ్డాడు. నేను తప్పుకుపోదామనుకున్నాను, అతనే పిలిచి చాయ తాగించాడు. రుమాలు మాసి ఉంది. ఇప్పుడు చావడికి పోవడం లేదట. పిల్లలు రేడియో పోగొట్టినోడని అంటారట, నిజమే గదా, అనకుండా ఎట్లుంటరు అన్నాడు. గోడ మీది గీతలు తనే పేడతో అలికేశాడట. చాయ తాగుతూ, "మల్ల ఆడ పెట్టె మంచిగ మాట్లాడ్తదా సాబ్? నేనే బందు జేసేకాడ ఏదో తప్పు తిప్పిన్నేమో. మస్తు యాది జేసుకున్న గని, ఏం తప్పో ఎరుకైతలేదు" అన్నాడు. ఏడాదిగా లేని తప్పును వెతుక్కుంటున్నాడు. నేను మంచిగనే మాట్లాడుతున్నది అని చెప్పి, బస్సు వచ్చిందని లేచాను. బస్సు రాలేదు. అంగడి చివర చెట్టు వెనక నిలబడ్డాను, అతను పోయేదాకా.

ఆ ఎండకాలం ఇంటికి వచ్చినప్పుడు అవ్వ నా సంచి దులుపుతుంటే ఎర్రదారం రీలు కింద పడింది. కాగితపు చుట్టు కూడా విప్పలేదు. బాపు దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింత గూడ ఖర్సు గాలేదురా. అన్ని కొత్తయే ఏసినవా?" అన్నాడు. అన్నీ కొత్తవే అన్నాను. బాపు మొహం అంత వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మా కొడుకు చేతిలో వండిన సరుకు లేదు, అంతా కొత్త సరుకే, అని చాలాకాలం వాడకట్టంతా చెప్పుకు తిరిగాడు. నేను తండ్రి మీద చూపిన చులకన అంతా ఆ రోజు అరుగు మీద నా ఎదురుగా కూర్చుంది. తర్వాత నేను ప్రమోషన్లు తీసుకున్నాను, పెన్షన్ తీసుకున్నాను. విఠల్ చనిపోయాడని ఎవరో చెప్పగా విన్నాను, ఎప్పుడో కూడా అడగలేదు.

ఆ కాలంలో మనుషులు మంచివాళ్లు, వస్తువులు గట్టివి అని మాట్లాడే ముసలివాళ్లను చూస్తే నాకు వెగటు. వస్తువులు గట్టివేం కావు, ఏడాదికోసారి ఉడకబెట్టుకుంటే నడిచాయి. మనుషుల సంగతి ఇప్పుడే చెప్పాను. ఈ కాలం వాళ్లు చెడిపోయినదాన్ని విప్పి చూడకుండానే పారేస్తారు, మేము విప్పి చూసి, చెడింది తెలుసుకుని, పలక మూసేశాం. రెండింటిలో ఏది నీచమో చెప్పడానికి నాకు పెద్ద ఆలోచన అవసరం లేదు. నా ఎదుట తొడుగులు వేసుకుని కూర్చున్న ఈ పిల్లవాడు పాత గొట్టంలో కొత్తది దాచినా, పలక మూసి అబద్ధం చెప్పినా, దానివల్ల ఎవడి రుమాలూ మాసిపోదు.

సందీప్ పిలిస్తే నా ధ్యాస మళ్లీ బల్ల మీదికి వచ్చింది. చివరి వాల్వు ముందున్న కండెన్సర్‌ను అతను చిన్న పట్టకారుతో పైకెత్తి చూపించాడు. చూడండి తాతా, దీని మీద కార్ఖానా వాళ్లు మైనం ఎంత దళసరిగా పోశారో, ఇక్కడ పనివాడి వేలిముద్ర కూడా ఉంది, ఎంత అపురూపమో అన్నాడు. కొస మీద బొటనవేలి ముద్ర ఉంది. గీతలు ఒక్కటి కూడా చెరగలేదు. నా వేలి మీద ఇప్పుడు అన్ని గీతలు లేవు, చాలా మటుకు అరిగిపోయాయి. అయినా ఎడమ పక్క టంకం కాలిన మచ్చ దగ్గర గీత తెగడం రెండింటిలోనూ ఒకలాగే ఉంది.

లోపలికి పోయి, కోడలి కుట్టు డబ్బాలోంచి ఎర్రదారం తెచ్చి, ఆ కండెన్సర్‌కు కట్టాను. సందీప్ హడలిపోయాడు. దారం కడితే అసలుతనం పోతుంది తాతా అన్నాడు. పోయి చాలాకాలమైంది అని చెప్పి ముడి బిగించాను. అప్పుడు అతను తెచ్చిన కాగితం తీసుకుని, అతను రాసుకొచ్చిన వాక్యాలు కొట్టేసి, కింద రాశాను. ఈ కండెన్సర్ మార్చలేదు. మార్చినట్టు రాసింది అబద్ధం. పిట్టగూడ విఠల్ ఈ పెట్టెను రోజుకు ఒక్క గంట కంటే ఎక్కువ నడపలేదు. పెట్టెలో ఖరాబున్నది, అతనిలో లేదు.

సందీప్ రెండుసార్లు చదివి, విఠల్ ఎవరని అడిగాడు. చెబుతానన్నాను. ముందు బీరువాలోంచి సిరాబుడ్డి దించి, బొటనవేలు ముంచి, కాగితం మీద గట్టిగా అదిమాను. ముద్ర సరిగ్గా పడలేదు. ఇంకోసారి వేశాను.

"అదేంది తాతా, మీకు సంతకం వస్తది గదా" అన్నాడు సందీప్.

"వస్తది బిడ్డా" అన్నాను. "ఆయనకు గూడ వచ్చేది."